ఎన్ని ఆత్మలు వచ్చాయి?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన పలకరించారు. "మీ అపార్ట్‌మెంట్‌లో ఏదో పుస్తకాలు చదువుతున్నారట కదమ్మా, ఇప్పటిదాకా ఎన్ని ఆత్మలు వచ్చాయి?"

అంటే ఎంతమంది యేసుని నమ్ముకున్నారని ఆయన లెక్క. ఒళ్ళు మండింది. ఆత్మలేం రాలేదండీ, మనుషులే వస్తున్నారు, ఐదుగురు, అందులో ఇద్దరు టీ కోసం, అనబోయి ఊరుకున్నాను. అక్కడ మింగిన మాటలు ఇక్కడ కక్కుతున్నాను.

శనివారం సాయంత్రాలు మా హాల్లో కూర్చుని చదువుకుంటాం. పై అంతస్తులో ఉండే మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. "నేను క్రైస్తవురాలినండీ, బైబిల్లో యేసు కథ చెప్పే లూకా సువార్త మీతో కలిసి చదవాలని ఉంది" అని దాచకుండానే అడిగాను. "చదువుదాంలేమ్మా. ముందు చెప్పు, నువ్వు గబ్బిలం చదివావా?" అన్నారు.

చదవలేదు. జాషువా మావాడని చెప్పుకోవడమే తప్ప పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. అందుకని మొదటి నెల గబ్బిలమే. 1941 నాటి కావ్యం. గుడి గడప తొక్కనివ్వని ఒక మనిషి తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దానికైతే గుడిలో అడ్డు లేదు కదా! మాస్టారు పద్యాలు రాగం తీసి చదువుతుంటే, టీ కోసం వచ్చినవాళ్ళు కూడా గ్లాసులు కింద పెట్టేశారు. ఇదే కవికి 'క్రీస్తు చరిత్ర' అనే కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన విశ్వాసుల ఇళ్ళల్లో ఆ పుస్తకం ఎన్నింట ఉందో ఎవరైనా లెక్కపెడితే బాగుండు, ఆత్మల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత లూకా. రెండో అధ్యాయంలోనే దొరికిపోయాను. "అన్యజనులంటే ఎవరమ్మా?" అని అడిగింది పక్కింటి అక్క. యూదులు కానివాళ్ళని చెప్పాను. "అంటే నువ్వు కూడానా?" అంది. అవును, ఆ లెక్కన నేనూ అన్యురాలినే. మరి చర్చిలో "అన్యులు" అని మనం ఎవర్ని అంటున్నాం? ఈ అక్కనే. ఆవిడ మా గోడ అవతలే ఉంటుంది, మా అమ్మకి జ్వరమొస్తే జావ కాచి తెచ్చింది.

పదిహేనో అధ్యాయం రోజు ఇంకా గుర్తుంది. తప్పిపోయిన కుమారుడి మీద చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఆస్తిలో వాటా పట్టుకుపోయి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తాడు, పెద్దకొడుకు అలిగి ఇంట్లోకి రానంటాడు. నేను విన్న ప్రసంగాలన్నీ ఆ చిన్నకొడుకు గురించే. ఈ అక్క మాత్రం పెద్దకొడుకు దగ్గర ఆగిపోయింది. "ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే ఒక్క మేకపిల్లన్నా ఇవ్వలేదని అడిగాడు. అందులో తప్పేముంది?" అమ్మానాన్నల్ని చివరిదాకా చూసుకున్నది ఆవిడే. తమ్ముడు ఆస్తి పంపకాలకి మాత్రం వచ్చాడు. "ఇంతకీ పెద్దవాడు ఇంట్లోకి వెళ్ళాడా?" అని అడిగింది. పేజీ తిప్పి చూశాను. రాయలేదు. కథ అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో నేనది గమనించనే లేదు.

కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళిపోతే ఈ ప్రశ్న వచ్చేదా? మైకు పెట్టి అరిస్తే వచ్చేదా? బైబిల్లో అపొస్తలుల కార్యాలు ఎనిమిదిలో, రథంలో వెళ్తున్న ఐతియొపీయుడికి ఫిలిప్పు యేసు గురించి చెప్పిన కథ చెప్పి మనం సువార్తకి పరుగెత్తమంటాం. ఫిలిప్పు పరుగెత్తిన మాట నిజమే. కానీ చదువుకుంటున్నవాడి దగ్గరికి వెళ్ళి ముందు ఒక ప్రశ్న అడిగాడు, ఆ మనిషి ఎక్కి కూర్చోమని బతిమాలాకే రథమెక్కాడు. ఆ వరస మనం ఎగరగొట్టేస్తాం.

అలాగని నా నమ్మకాన్ని నేను దాచుకోను. నాకు యేసు ఎవరో అడిగితే చెప్తాను, అడిగారు కూడా. కానీ పుస్తకాన్ని ఎరగా వేసి, లోపల గాలం దాచే పని నాతో కాదు. మాస్టారు సాయంత్రం దీపం పెట్టుకునే కిందికి దిగొస్తారు. రేపు కూడా అలాగే రావచ్చు. అప్పుడూ కుర్చీ వేస్తాను.

వచ్చే శనివారం పదహారో అధ్యాయం. యజమానికి రావాల్సిన నూనె నూరు అయితే యాభై అని రాయించిన గృహనిర్వాహకుణ్ణి, ఆ యజమానే మెచ్చుకునే కథ. మాస్టారు ఏమడుగుతారో అని నాకు ఇప్పటి నుంచే టెన్షన్.