సెమికోలన్ దగ్గర పూలర్ విడగొడుతుందా? విడగొట్టదు

పూలర్ అంటే యాప్‌కూ డేటాబేస్‌కూ మధ్య నిలబడి కనెక్షన్లను పంచే ప్రోగ్రామ్. ప్రైమరీ అంటే రాతలు తీసుకునే అసలు సర్వర్, రెప్లికా దాని నకలు, చదవడానికి మాత్రమే. వీటి గురించి డెవలపర్ల మధ్య బాగా తిరుగుతున్న సలహా ఒకటి ఉంది: "నాలుగైదు ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లను సెమికోలన్లతో కలిపి ఒకే స్ట్రింగ్‌గా పంపండి. మధ్యలో ఉన్న పూలర్ వాటిని విడదీసి, చదివేవి రెప్లికాకు, రాసేవి ప్రైమరీకి పంపుతుంది. దేనికదే నడుస్తుంది కాబట్టి ఒకటి ఫెయిలైనా మిగతావాటికి ఢోకా లేదు. రౌండ్ ట్రిప్పులు ఆదా." రౌండ్ ట్రిప్పులు, అంటే సర్వర్‌కు వెళ్లొచ్చే ప్రయాణాలు, ఆదా అన్న ఆ చివరి మాట ఒక్కటే నిజం. పోస్ట్‌గ్రెస్ విషయంలో మిగతావి ఎందుకు నిలబడవో చూద్దాం.

పూలర్ విడదీస్తుందట. పోస్ట్‌గ్రెస్ పూలర్ పీజీబౌన్సర్ మీ ఎస్‌క్యూఎల్‌ను పార్స్ చేయదు (విడదీసి అర్థం చేసుకోదు), సెమికోలన్లతో దానికి పనే లేదు. క్లయింట్ పంపిన సింపుల్ క్వెరీ మెసేజ్‌లో ఒక స్టేట్‌మెంట్ ఉన్నా పది ఉన్నా, మొత్తాన్నీ ఒకే సర్వర్ కనెక్షన్‌లోకి తోసి, సర్వర్ నుంచి 'రెడీ ఫర్ క్వెరీ' మెసేజ్ కోసం ఎదురుచూస్తుంది. 'కమాండ్ కంప్లీట్' ప్రతి స్టేట్‌మెంట్‌కూ విడిగా వస్తుంది గానీ, 'రెడీ ఫర్ క్వెరీ' మాత్రం స్ట్రింగ్ అంతా అయ్యాక ఒక్కసారే వస్తుంది. ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి నిలిచే లేదా అన్నీ కలిసి రద్దయ్యే పనుల గుంపు) ఇంకా తెరిచి ఉందో లేదో అందులోని ఒక బైట్ చెబుతుంది. ట్రాన్సాక్షన్ అయ్యాక కనెక్షన్‌ను ఇంకొకరికి ఇచ్చే ట్రాన్సాక్షన్ మోడ్‌లో కనెక్షన్ పూల్‌కు తిరిగి వెళ్లాలా వద్దా అన్నది ఆ బైట్ చూసే తేలుతుంది. ప్రతి క్వెరీ అయ్యాక కనెక్షన్ వదిలేసే స్టేట్‌మెంట్ మోడ్ పెట్టినా స్ట్రింగ్ ముక్కలవదు. కాకపోతే ఆ మోడ్‌లో బిగిన్‌తో ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచితే ఒప్పుకోదు.

ఈ అపోహకు సగం కారణం పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్ అనుకుంటాను. అందులో టైప్ చేసి పరీక్షిస్తే స్టేట్‌మెంట్లు విడివిడిగానే వెళ్తాయి, ఎందుకంటే సెమికోలన్ దగ్గర విడగొట్టేది ఆ టూలే. అదే స్ట్రింగ్‌ను హైఫన్ సి (-c) ఆప్షన్‌తో ఇచ్చి చూడండి, మొత్తం ఒకే మెసేజ్‌గా పోతుంది.

చదివేవి రెప్లికాకు పోతాయన్నది ఇంకో మాట. పీజీపూల్-2 అనే ఇంకో పూలర్ ఎస్‌క్యూఎల్‌ను నిజంగానే పార్స్ చేస్తుంది, సెలెక్ట్‌లను స్టాండ్‌బైలకు (రెప్లికాలకు) పంచుతుంది. అయినా ప్రైమరీ మార్పులు రెప్లికాలకు నిరంతరం పారే స్ట్రీమింగ్ రెప్లికేషన్ మోడ్‌లో మల్టీ స్టేట్‌మెంట్ క్వెరీ వస్తే పంపకం మానేసి మొత్తం ప్రైమరీకే పంపుతుంది. మరియాడీబీ అనే మరో డేటాబేస్ వాళ్ల ప్రాక్సీ మ్యాక్స్‌స్కేల్ కూడా అలాంటి క్వెరీని రాతగానే లెక్కేసి ప్రైమరీకి తోలుతుంది. అందులో తప్పేమీ లేదు. మొదట సెలెక్ట్ కనిపించిందని స్టాండ్‌బైకి పంపితే, వెనకున్న అప్‌డేట్ అక్కడ రీడ్ ఓన్లీ ఎర్రర్‌తో చస్తుంది. అంటే లోడ్ పంచాలని రెప్లికాలు పెట్టుకుని, రీడ్లను ఇలా మూటగట్టి పంపితే ఆ బరువంతా మళ్లీ ప్రైమరీ నెత్తినే పడుతుంది.

అసలు ప్రమాదం "ఒకటి ఫెయిలైనా మిగతావాటికి ఢోకా లేదు" అనే మాటలో ఉంది. ఒక ఇన్సర్ట్, తర్వాత ఒకటిని సున్నాతో భాగించే సెలెక్ట్, ఆ తర్వాత ఇంకో ఇన్సర్ట్, మూడూ ఒకే స్ట్రింగ్‌లో పంపండి. టేబుల్లో ఒక్క వరుస కూడా చేరదు. బిగిన్, కమిట్ మీరు రాయకపోయినా పోస్ట్‌గ్రెస్ ఆ స్ట్రింగ్‌నంతా ఒకే ట్రాన్సాక్షన్‌గా నడుపుతుంది. రెండోది పడిపోగానే మొదటిది రద్దవుతుంది, మూడోది మొదలే కాదు. ఇప్పుడు మొదటి ఇన్సర్ట్ తర్వాత ఒక కమిట్ ఇరికించండి: అది హెచ్చరిక ఇచ్చినా అంతవరకూ జరిగినది నిలుస్తుంది, ఆ తర్వాతది మాత్రమే పోతుంది. ఎర్రర్ రాగానే మొత్తం స్ట్రింగ్‌ను మళ్లీ పంపే రీట్రై కోడ్ ఉంటే మొదటి వరుస రెండుసార్లు పడుతుంది. వ్యాక్యూమ్ (పాత వరుసలను ఊడ్చే కమాండ్) లాంటివైతే ఈ గుంపులో అసలు నడవవు. ఇక మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ ఆన్‌లో ఉంటే దేనికదే కమిట్ అవుతుంది. బహుశా అక్కడి అలవాటే ఇక్కడికి సలహాగా వచ్చి ఉంటుంది.

స్ట్రింగ్ మొదట్లో స్టేట్‌మెంట్ టైమవుట్‌ను (ఒక స్టేట్‌మెంట్ ఎంతసేపు నడవచ్చో ఆ గడువును) సెట్ చేసే వాళ్లూ ఉన్నారు. ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఆ సెట్టింగ్ సర్వర్ కనెక్షన్‌కే అంటుకుని ఉండిపోతుంది. తర్వాత అదే కనెక్షన్ దొరికిన ఇంకెవరిదో పెద్ద రిపోర్ట్ మధ్యలో రద్దవుతుంది, కారణం వాళ్ల కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు. బిగిన్ రాసి, లోపల ఆ ట్రాన్సాక్షన్‌కే పరిమితమయ్యే సెట్ లోకల్ వాడితే ఈ గొడవ ఉండదు.

ఆదా మాటకొస్తే, దానికి ఇదొక్కటే దారి కాదు. క్వెరీని, విలువలను విడివిడిగా పంపే ఎక్స్‌టెండెడ్ ప్రోటోకాల్ ఒక పార్స్ మెసేజ్‌లో ఒకే స్టేట్‌మెంట్‌ను ఒప్పుకుంటుంది. కాబట్టి ఈ మూటల్లో బైండ్ పారామీటర్లు (విడిగా పంపే విలువలు) వాడలేరు, విలువలను స్ట్రింగ్‌లోనే అతికించాలి. అలా ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (విలువలో ఎవరైనా తమ ఎస్‌క్యూఎల్ దూర్చడానికి) తలుపులు తీసినట్టవుతుంది. 2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14 నుంచి దాని క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూలో పైప్‌లైన్ మోడ్ ఉంది. స్టేట్‌మెంట్లు విడిగా, పారామీటర్లతో, జవాబు కోసం ఆగకుండా వరసగా వెళ్తాయి. అయితే ఒక విడత ముగిసిందని చెప్పే సింక్ మెసేజ్‌లు రెండింటి మధ్య పంపినవి ఇక్కడా ఒకే ట్రాన్సాక్షన్‌గా నడుస్తాయి, కాబట్టి సింక్ ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టుకోండి.