సవరణ: చిన్న వ్యాస సమాధానానికి ఉపోద్ఘాతం ఎంత ఉండాలి?

వ్యాసరూప సమాధానంలో ఉపోద్ఘాతం, విషయం, ముగింపు మూడూ ఉండాలని ముందు టపాలో రాశాం. అది రెండు మూడు పేజీల జవాబులకు వర్తించే మాట. పది పన్నెండు వాక్యాల జవాబుకు విడిగా ఉపోద్ఘాతం పేరా వద్దు. మొదటి వాక్యమే సమాధానం కావాలి.

"అడవులు నరికితే నేల కోత ఎందుకు పెరుగుతుంది?" అని అడిగితే "అడవులు ప్రకృతి ఇచ్చిన వరం" అని మొదలుపెట్టకండి. "మట్టిని పట్టి ఉంచే వేళ్లు, వాన తాకిడిని తగ్గించే ఆకులు రెండూ పోతాయి కాబట్టి" అని నేరుగా చెప్పండి. ఆ తర్వాత వేళ్లకో పేరా, ఆకులకో పేరా. ప్రతి పేరాలో కారణం, అది పనిచేసే తీరు, ఒక ఉదాహరణ చాలు. "ఎందుకు" అన్న ప్రశ్నకు నివారణ చర్యలు రాసేవాళ్లూ ఉంటారు. అవి ఎంత బాగున్నా అడిగినదానికి జవాబు కావు. మొదటి వాక్యాన్నే తిరిగి చెప్పే ముగింపయితే వదిలేయండి.