అరువు ఏటి గట్టుకి ఒక అర్జీ

మహారాజశ్రీ టెంపీ టౌన్ లేక్ నడకదారి గారికి,

ఉభయకుశలోపరి. తమరి కుశలానికేం, కాంక్రీటు ఒళ్లు. నా సంగతే బాగాలేదు. చెప్పులు అరిగాయి, మెడ వెనక కమిలింది, మా నాన్నగారి ముందు పరువు పోయింది. మొదటి రెండూ నా ఖాతాలో వేసుకుంటాను. మూడోది మాత్రం తమరి పుణ్యమే.

ఆయన రాజమండ్రి మనిషి. పొద్దున్నే గోదావరి గట్టు మీద నాలుగడుగులు వెయ్యందే కాఫీ గొంతు దిగదు. జూన్‌లో అమెరికాకి, అరిజోనా రాష్ట్రంలో టెంపీ అనే ఈ ఊరికి, నా దగ్గరికి వచ్చారు. వచ్చిన మర్నాడే, "ఇక్కడ నది ఏమైనా ఉందా?" అన్నారు. ఉంది నాన్నా, సాల్ట్ రివర్, ఒడ్డునే సులువైన, చదునైన దారి, చంటిపిల్లలు కూడా నడిచేస్తారు అని గొప్పలు పోయి తీసుకొచ్చాను. ఆయన రెయిలింగ్ మీంచి వంగి కాసేపు నీళ్ల వంక చూశారు. కింద పడున్న ఎండుటాకు తీసి నీళ్లలోకి వదిలారు. అది పోతే కదా! ఉన్నచోటే రెండు చుట్లు తిరిగి, గాలికి గోడవారకొచ్చి అంటుకుపోయింది.

"ఒరేయ్, ఇది చెరువు" అన్నారు.

చరిత్ర చెప్పి నెగ్గుకొద్దామని చూశాను. ఈ ఊరి పాత పేరే హేడెన్స్ ఫెర్రీ. 1870లలో చార్ల్స్ హేడెన్ అనే ఆయన ఇక్కడ బల్లకట్టు నడిపి జనాన్ని ఏరు దాటించేవాడు. తర్వాత ఎగువన డ్యాములు లేచాయి, 1911లో రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది, నీళ్లన్నీ కాలువల్లోకి మళ్లాయి, ఇక్కడ ఇసుకా గులకరాళ్లూ మిగిలాయి. రేవు పేరుతో పుట్టిన ఊరికి ఏరు లేకపోతే నామోషీ అనుకున్నారో ఏమో, 1999లో ఏటికి అడ్డంగా ఆనకట్టలు వేసి, ఎక్కడో ఉన్న కొలరాడో నది నీళ్లు ఎడారికి అడ్డంపడి వచ్చే కాలువలో తెప్పించి నింపారు. రెండు మైళ్ల పొడుగు.

నాన్నగారు శ్రద్ధగా విన్నారు. "కాటన్ దొర ఏం చేశాడు? ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి ఏటి నీళ్లు పొలాలకి పంపాడు. వీళ్లు ఉన్న నీళ్లు పంపేసుకుని, పక్క నది దగ్గర అరువు తెచ్చి ఏట్లో పోసుకున్నారు. అంతేనా?"

అంతే. ఇంకేం చెప్పను?

అక్కడితో ఆపాల్సింది. నోరూరుకోక రబ్బరు ఆనకట్ట కథ కూడా చెప్పాను. మొదట్లో ఈ నీళ్లని ఆపింది గాలి ఊదిన రబ్బరు సంచులు. 2010 జూలై 20 రాత్రి అందులో ఒకటి పేలిపోయింది, తెల్లారేసరికి సరస్సు ఖాళీ. "నదికి పంక్చరా!" అని ఆయన నవ్విన నవ్వుకి పక్కన పరిగెడుతున్నావిడ ఆగి మరీ చూసింది. 2016లో స్టీలు గేట్లు పెట్టారు లెండి. నా సందేహం వేరే. ఆ మర్నాడు పొద్దున తమరేం చేశారు? నీటి ఒడ్డు దారినని చెప్పుకునే తమరు, పక్కన బురదా చచ్చిన చేపలూ ఉంటే, సెలవు పెట్టారా?

ఇక తమరి "సులువు" సంగతి. ఎత్తూపల్లం లేవు, నిజమే. పెనం కూడా చదునుగానే ఉంటుంది. 2023లో ఈ ప్రాంతంలో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 పైన. తమరి పాలో వెర్డే అనే ఎడారి చెట్లు ఇచ్చే నీడ జల్లెడ పట్టినట్టుంటుంది. నిజమైన నీడ కావాలంటే మిల్ అవెన్యూ పాత వంతెన కిందికి చేరాలి. నాన్నగారు అక్కడ గట్టు మీద కూలబడి, నెత్తిమీంచి పోయే విమానాలు లెక్కపెడుతూ, "ఇక్కడ పిడతకింద పప్పు బండి లేదేం?" అని అడిగారు.

పోనీ స్నానం చేద్దామా అంటే ఈత నిషేధం. ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు కలిపిన పోటీ) రోజున మాత్రం జనం ఇందులోనే గుంపులుగా దూకుతారని చెబితే, "డబ్బు కట్టి మునిగితే ఆరోగ్యం, పుణ్యానికి మునిగితే నేరమా?" అన్నారు. ఎగువ డ్యాములు నిండి నీళ్లు వదిలినప్పుడు ఈ ఏరు నిజంగానే పారుతుంది, 2023లో నేనే చూశాను. ఆయన నమ్మలేదు. ఆకునే నమ్మారు.

కనుక నా మనవి రెండు ముక్కలు. ఒకటి, వంతెన నీడలో ఒక బెంచీ వేయించండి. రెండోది కొంచెం చిక్కుది. నాన్నగారు రోజూ పూజలో సంకల్పం చెప్పుకుంటారు, ఏ నది ఒడ్డున ఉన్నదీ అందులో రావాలి. సాల్ట్ రివర్ అందామంటే నీళ్లు దానివి కావు. కొలరాడో అందామంటే ఒడ్డు దానిది కాదు. తమరు లిఖితపూర్వకంగా తేల్చి పంపాలి. ప్రస్తుతానికి ఆయన ఆ చోటికి రాగానే చిన్నగా దగ్గి ముందుకెళ్తున్నారు.

ఇట్లు,
రేపు పొద్దున ఐదింటికి మళ్లీ వచ్చే
తమ విధేయుడు