గట్టిగా తోమితే పళ్లు తెల్లబడవు, అరిగిపోతాయి

వరంగల్, హన్మకొండ, కాజీపేట కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో పళ్ల గురించి ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఏం తిన్నా వెంటనే పళ్లు తోముకోవాలి, ఎన్నిసార్లు తోమితే అంత మంచిది. గట్టి కుచ్చున్న బ్రష్షుతో బలంగా రుద్దాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే అది చెడు రక్తం, పోనివ్వాలి. చల్లని నీళ్లకు పళ్లు జివ్వుమంటే ఇంకా మురికి ఉన్నట్టు. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి రుద్దితే ఎంతటి మరకైనా పోతుంది. హన్మకొండలో దంతవైద్యం చేస్తున్న నాకు ఈ సలహాలు నమ్మి పాటించినవారి నోళ్లు తరచూ కనిపిస్తాయి. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

బలంగా రుద్దాలన్నదే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. పళ్ల మీద రోజూ పేరుకునే పాచి మెత్తటి పొర. సూక్ష్మజీవులూ వాటి జిగురూ కలిసి అలా తయారవుతాయి. దాన్ని వదిలించడానికి బలం అక్కర్లేదు, కుచ్చు ప్రతి పంటికీ, చిగురు అంచుకూ తగిలితే చాలు. ఆ పాచినే వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. గారను ఏ బ్రష్షూ ఊడదీయలేదు, దంతవైద్యుల దగ్గర స్కేలింగ్, అంటే పరికరంతో గార తీయడం, చేయించుకోవాల్సిందే. పాచికి బలం అవసరం లేదు, గారకు బలం సరిపోదు. మరి మనం పెట్టే బలమంతా ఎవరి మీద పడుతోంది? చిగురు మీద, దాన్ని ఆనుకుని ఉండే పంటి మెడ మీద.

పంటి పైపొర ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజాలే. నమిలే కొసల దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉండే ఈ పొర చిగురు దగ్గరికి వచ్చేసరికి పలచబడి దాదాపు మాయమవుతుంది. చిగురు తగ్గి వేరు బయటపడితే అక్కడ ఎనామిల్ రక్షణే ఉండదు. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను మొలిచేనాటికే అంతరిస్తాయి కనుక పోయిన పొర మళ్లీ పుట్టదు. తగ్గిన చిగురు కూడా తనంతట తాను తిరిగి ఎదగదు. కుడిచేతివాటం వారిలో ఈ అరుగుదల ఎడమవైపు కోరపన్ను దగ్గర, దాని వెనకనున్న పళ్ల దగ్గర ఎక్కువగా ఉంటుంది, చెయ్యి అక్కడే బలంగా పడుతుంది కాబట్టి. పంటి మెడ మీద గోరు పెట్టి చూస్తే అడ్డంగా గాడి తగులుతుంది. నేరమంతా బ్రష్షుదేనని అనను. చిగుళ్ల వ్యాధి, వంకర పళ్లు, పుట్టుకతోనే పలచని చిగుళ్లు, నిద్రలో పళ్లు కొరకడం కూడా తోడవుతాయి. కానీ వీటన్నిటిలో ఈ రాత్రికే మార్చుకోగలిగింది బ్రష్షు పట్టుకునే తీరు ఒక్కటే.

తిన్న వెంటనే తోమాలన్నది మంచి అలవాటులా వినిపిస్తుంది, అందుకే నమ్ముతారు. మన భోజనంలో పచ్చిపులుసు, చింతకాయ తొక్కు, నిమ్మరసం మామూలే. పిల్లల చేతుల్లో కూల్‌డ్రింకులు సరేసరి. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. నోట్లో పీహెచ్ 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలై పైపొర మెత్తబడుతుంది. లాలాజలం ఆ పులుపును తగ్గించి, ఖనిజాలను తిరిగి చేర్చడానికి వ్యవధి కావాలి. ఆ లోపే రుద్దితే మెత్తబడిన పొర బ్రష్షుతో పాటు పోతుంది. నీళ్లు పుక్కిలించి, కనీసం అర్ధగంట ఆగాలి. వేవిళ్లతో బాధపడే గర్భిణులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాంతిలో కడుపులోని ఆమ్లం ఉంటుంది. ఇక ఎన్నిసార్లు అంటారా, పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఒక్కోసారి 2 నిమిషాలు. చాలామందిలో లోపించేది ఆ రాత్రి పూటే.

చెడు రక్తం అనేది చిగుళ్లలో ఎక్కడా లేదు. రక్తం కారుతోందంటే అక్కడ పాచి చేరి చిగురు వాచి ఉండాలి, లేదా బ్రష్షు గాయం చేసి ఉండాలి. భయపడి ఆ చోట తోమడం మానేయడమూ పొరపాటే, పాచి ఇంకా పెరుగుతుంది. మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా శుభ్రం చేస్తే మామూలు వాపు ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే చూపించుకోవాలి, మధుమేహం ఉన్నవారు అసలు ఆలస్యం చేయకూడదు.

జివ్వుమనడానికీ మురికికీ సంబంధం లేదు. ఎనామిల్ కింది పొర డెంటిన్‌లో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు ఉంటాయి. పైపొర అరిగి అవి తెరుచుకుంటే చల్లదనానికి వాటిలోని ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది. మురికి అనుకుని ఇంకా రుద్దితే ఇంకా గొట్టాలు తెరుచుకుంటాయి, బాధ పెరుగుతుంది, మళ్లీ రుద్దుతారు. ఈ చక్రంలో చిక్కుకున్నవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్లు నిర్లక్ష్యం చేసినవారు కాదు, శ్రద్ధ ఉన్నవారు. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు కొన్ని వారాలు వాడితే చాలామందికి ఉపశమనం ఉంటుంది. ఒకే పన్ను జివ్వుమంటే పుచ్చో పగులో ఉండవచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

బొగ్గు, ఉప్పు సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశపు ప్రమాణం. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు ఆ బోర్ల నీళ్లు తాగి పెరిగినవారిలో చాలామంది ముందు పళ్ల మీద తెల్లటి మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటాయి. అవి చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఎనామిల్‌లో ఏర్పడిన లోపాలు. పైన అంటిన మురికి కాదు కనుక తోమితే పోవు. పెళ్లిచూపుల ముందు బొగ్గుతో, ఇటుకపొడితో రుద్ది రుద్ది చిగుళ్లు పుండు చేసుకున్న ఆడపిల్లలున్నారు. వాళ్ల అశుభ్రత వల్ల వచ్చిన మరకలు కావవి, సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు. తీవ్రతను బట్టి పైపొరను కొద్దిగా సరిచేయడం, పంటి రంగు పదార్థంతో కప్పడం వంటి చికిత్సలున్నాయి. గరుకు పొడులు ఎనామిల్‌ను అరగదీస్తే లోపలి డెంటిన్ బయటికి కనిపిస్తుంది. దాని రంగే పసుపు. తెలుపు కోసం రుద్దినవారి పళ్లు చివరికి ఇంకా పచ్చబడతాయి.

మరి ఎలా తోమాలి? మెత్తటి కుచ్చున్న బ్రష్షు కొనండి. పిడికిలితో కాకుండా కలంలా వేళ్ల కొసలతో పట్టుకుంటే బలం దానంతట అదే తగ్గుతుంది. కుచ్చును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న కదలికలతో తోమాలి, అడ్డంగా రంపం లాగినట్టు లాగకూడదు. వేపపుల్లతో తోముకునే పెద్దలకూ ఇదే వర్తిస్తుంది, కొసను బాగా నమిలి మెత్తబరచుకోవాలి. మామూలుగా మూడు నాలుగు నెలలు రావాల్సిన బ్రష్షు నెలకే విచ్చుకుపోతోందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు. ఇప్పటికే గాడి పడినవారు ఫిల్లింగ్ చేయించుకోవచ్చు, చిగురు బాగా తగ్గినవారికి అంగిలి నుంచి కొద్దిగా కణజాలం తీసి అతికించే శస్త్రచికిత్స ఉంది. అయితే ముందు తోమే పద్ధతి మార్చుకోవాలి, లేకపోతే అదే చెయ్యి ఆ ఫిల్లింగ్‌ను కూడా అరగదీస్తుంది.