సిల్వర్ గంజుకు లక్ష రూపాయలా?

పొద్దున మన్యంకొండ దాకా సైకిల్ తొక్కి వచ్చే మా పాలమూరు గ్రూపులో పోయిన వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఎవరు రాశారో తెలియదు గానీ నాకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "అల్యూమినియం సైకిల్‌కు లక్ష పెట్టేవాళ్లు మోసపోతున్నారు. అది వంటింటి సిల్వర్ గిన్నె లోహమే. రెండేళ్లలో ఫ్రేమ్ విరుగుతుంది. గతుకుల రోడ్డు మీద నడుము పోతుంది. పెద్ద రేసర్లు ఎవరూ దాన్ని ముట్టలేదు. విరిగితే అతకదు. మీరు కట్టేది స్టిక్కర్ ధర."

ఐటీఐ చదివి పద్నాలుగేళ్లు బాలానగర్‌లో (మన జిల్లాలోది కాదు, హైదరాబాద్‌లోది) ఆర్గాన్ వెల్డింగ్ చేసినవాణ్ణి. అల్యూమినియంతో చేతులు కాల్చుకున్నవాణ్ణి. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ సిల్వర్ గిన్నె సంగతి. మన దగ్గర అల్యూమినియం అంటే సిల్వర్, సిల్వర్ అంటే గంజు, కాబట్టి ఆ పోలిక టక్కున బుర్రకెక్కుతుంది. కానీ గంజుకు వాడేది దాదాపు శుద్ధమైన లోహం. మెత్తగా ఉంటేనే రేకు గుండ్రంగా సాగుతుంది. మంచి సైకిళ్లకు వాడేవి 6061, 7005 లాంటి మిశ్రమాలు. 6061లో మెగ్నీషియం, సిలికాన్ కలుపుతారు. 7005లో జింకు, మెగ్నీషియం. అదీ సగం కథే. ఇదే 6061 మెత్తబరిచిన స్థితిలో సుమారు 55 మెగాపాస్కల్ ఒత్తిడికే తిరిగి లేవకుండా వంగిపోతుంది. హీట్ ట్రీట్‌మెంట్ చేసి టీ6 స్థితికి తెస్తే సుమారు 276 దాకా ఓర్చుకుంటుంది. గేటుకూ గ్రిల్లుకూ వాడే మామూలు ఇనుము 250 దగ్గర ఉంటుంది. బరువులో మాత్రం అల్యూమినియం ఇనుములో మూడోవంతే.

చిక్కు ఎక్కడంటే, వెల్డింగ్ చేయగానే అతుకు పక్కనున్న లోహం ఆ బలాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. అందుకని 6061 ఫ్రేమ్‌ను అతికాక మొత్తంగా కొలిమిలో పెట్టి 530 డిగ్రీల దాకా వేడిచేసి, ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ దెబ్బకు ఫ్రేమ్ వంకర్లు తిరుగుతుంది. అప్పటికింకా మెత్తగానే ఉంటుంది కాబట్టి, కుమ్మరి పచ్చికుండను ఆరకముందే తట్టి సరిచేసినట్టు, పనివాడు దాన్ని కొలతల బల్ల మీద బిగించి చేత్తో వంచి తిన్నగా చేస్తాడు. ఆ తర్వాత తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచితే గట్టిపడుతుంది. గట్టిపడ్డాక వంచుదామంటే మొండికేస్తుంది. గంజు చేసేవాడికి ఈ తిప్పలేవీ లేవు.

వెల్డింగ్ కూడా ఇనుముతో చేసినట్టు కాదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీదుండే సన్నటి ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 దాటాలి. పొర అలాగే ఉంటుంది, కింద లోహం నీళ్లయిపోతుంది. ఏసీ కరెంటు పెట్టి ఆ పొరను చెదరగొడుతూ, మిల్లీమీటరు మందం పైపు గోడ కారిపోకముందే ఫిల్లర్ (అతుకులో నింపే కడ్డీ) అందిస్తూ చెయ్యి జరుపుకుంటూ పోవాలి. నేర్చుకునే రోజుల్లో నేను చిల్లులు పెట్టిన పైపులు లెక్కేస్తే మా మేస్త్రి ఇప్పటికీ తిడతాడు. చేప పొలుసుల్లా ఒకే తీరున పడ్డ బీడ్ (అతుకు మీద లేచే గీత) చూస్తే నాకు కళ్లు అక్కడే ఆగిపోతాయి. కొన్ని కంపెనీలు దాని మీద ఇంకో వరస పోసి నున్నగా చేస్తాయి. చూపుకు బాగుంటుంది గానీ నాకైతే పొలుసులు కనబడితేనే ఇష్టం.

ఇక విరుగుతుందనే మాట. ఇందులో ఒక నిజమైన ముక్కను పట్టుకుని పెద్దది చేశారు. ఇనుముకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపల ఎన్ని లక్షలసార్లు ఊపినా అలిసిపోదు. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు. చిన్న ఒత్తిడైనా కోట్లసార్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు పగులు వస్తుంది. ఈ సంగతి డిజైన్ చేసేవాళ్లకు మెసేజ్ రాసినాయనకంటే ముందే తెలుసు. అందుకే పైపును లావు చేశారు. మన ఆముదం కట్టె చూడండి. లోపల డొల్ల, అయినా గాలికి నిలబడుతుంది. అదే బరువుతో పైపు వ్యాసం రెట్టింపు చేసి గోడ మందం సగం చేస్తే, వంగకుండా నిలిచే గుణం సుమారు నాలుగు రెట్లవుతుంది. తక్కువ వంగుతుంది కాబట్టి అతుకుల దగ్గర ఒత్తిడి తక్కువ, ఆయుష్షు ఎక్కువ. అమెరికాలో సైకిళ్లు చేసే గ్యారీ క్లైన్ ఈ లావు పైపుల దారి పట్టాడు, 1983లో కానన్‌డేల్ కంపెనీ కూడా లావు పైపుల సైకిల్‌తోనే బజారుకొచ్చింది. 1997లో జర్మనీ పత్రిక 'టూర్' కోసం 12 ఖరీదైన ఫ్రేములను యంత్రానికి బిగించి అలిసిపోయేదాకా ఊపారు. చివరిదాకా విరగకుండా మిగిలినవి మూడు. వాటిలో రెండు అల్యూమినియం, ఒకటి కార్బన్. స్టీలుది ఒక్కటీ మిగల్లేదు. స్టీలు చెడ్డదని కాదు, అక్కడ స్టీలు పైపులను బరువు కోసం మరీ సన్నం చేశారు. లోహం పేరు చూసి ఆయుష్షు చెప్పడం జాతకం చెప్పినట్టే.

నడుము నొప్పి మాట పూర్తిగా గాలి మాట కాదు, పాతబడ్డ మాట. తొలినాళ్ల లావు పైపుల ఫ్రేములు నిజంగానే బిర్రుగా ఉండేవి. వాటికి 23 మిల్లీమీటర్ల టైర్లు తొడిగి, రాయిలా గాలి కొట్టి తొక్కేవాళ్లు. ఇప్పుడు ముందు ఫోర్కు కార్బన్‌ది, సీటు కింద కొద్దిగా వంగే సన్నటి పోస్టు, టైర్లు 28, 32. గతుకు దెబ్బను మింగేది ముఖ్యంగా టైరే. ఫ్రేమ్ త్రికోణం పైకీ కిందికీ కదిలేది చాలా తక్కువ, అది ఏ లోహమైనా సరే. దేవరకద్ర వైపు రోడ్డు మీద నడుము పట్టేసిందని నాతో చెప్పినవాళ్లలో ఎక్కువమందికి సీటు ఎత్తు తప్పుంది, గాలి ఎక్కువుంది.

రేసర్ల సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. 1998లో మార్కో పంతాని టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది అల్యూమినియం బియాంకీ మీద. 1999లో మారియో చిపోలిని అదే టూర్‌లో వరుసగా నాలుగు స్టేజీలు కొట్టింది అల్యూమినియం కానన్‌డేల్ మీద. ఇప్పుడు పెద్ద రేసుల్లో కార్బన్‌దే రాజ్యం, కాదనను. కానీ "ఎవరూ ముట్టలేదు" అనేది అబద్ధం.

మిగిలింది అతకదనే మాట, స్టిక్కర్ మాట. వీటికి మా షెడ్డులో ఉన్న ఒక ఫ్రేమ్ సాక్ష్యం. జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు తెచ్చాడు. లారీ తగిలి కింది పైపు, హ్యాండిల్ దిగే హెడ్ దగ్గర పగిలింది. "అన్నా, నీ చేతిలోనే ఆర్గాన్ ఉంది గదా, ఒక టాక్ కొట్టు" అన్నాడు, అంటే చిన్న అతుకు వెయ్యమని. కొట్టనన్నాను. అతుకు పక్కన మెత్తబడ్డ లోహాన్ని మళ్లీ గట్టిపరచాలంటే ఫ్రేమ్ మొత్తాన్ని ఆ కొలిమిలోకి పంపాలి, అలాంటిది మన దగ్గర నాకు తెలిసి లేదు. అలిగి వెళ్లి ఇంకెక్కడో వేయించుకున్నాడు. నెల తిరక్కముందే అతుకు పక్క గీతలోనే విరిగింది. పుణ్యానికి అప్పుడు మెల్లగా పోతున్నాడట. స్టీలు సైకిలైతే ఇత్తడి పోసి అతికించి పంపేవాళ్లం. ఈ ఒక్క విషయంలో ఆ మెసేజ్ నిజం చెప్పింది.

ఆ విరిగిన పైపును నేను నిలువునా కోశాను. చివర్లలో గోడ మందం 1.6 మిల్లీమీటర్లు, నడుమ 0.9. ఒత్తిడి పడే చోట మందం, పడని చోట సన్నం. బయట నుంచి చూస్తే తెలియదు. పదివేల సైకిల్ మీద కూడా 'అల్లాయ్' అనే రాసి ఉంటుంది, లోపల మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందం ఉన్న పైపులే ఎక్కువ. లక్ష పెట్టిన సైకిల్‌లో గేర్లకు, బ్రేకులకు, చక్రాలకు పోయేది పెద్ద వాటా. పేరుకు పోయేది కూడా కొంత ఉంటుంది, ఎందుకు దాచాలి. ఫ్రేమ్ వాటా మాత్రం ఈ మందం తేడాకు, ఆ కొలిమికి, ఆ బీడ్‌కు.

మెసేజ్‌ను నాకు మూడోసారి పంపిన అన్నను మొన్న షెడ్డుకు పిలిచి, కోసిన పైపు, వెర్నియర్ చేతికిచ్చాను. నాలుగు చోట్ల కొలిచాడు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ కొలిచాడు.

"మొత్తానికి అతకదు గదా" అన్నాడు.

"అతకదన్నా" అన్నాను.