తీగ పనికి తూకంతో వెల కట్టొద్దు

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, అంటే సన్నని వెండి తీగలతో చేసే నగిషీ పని గురించి మీరు వ్యాసం రాసినందుకు సంతోషం. కానీ అందులో 'ఆర్డర్ మీద విడిగా నగలు చేసేవాళ్లు మజూరీ (చేతికూలి) మరీ ఎక్కువ అడుగుతున్నారు' అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు.

ఆ పని దగ్గరుండి చూస్తే అలా అనరు. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని కమ్మచ్చు (తీగ తీసే చిల్లుల పలక) రంధ్రాల్లోంచి లాగుతూ లాగుతూ వెంట్రుకలాంటి తీగ తీస్తారు. రెండు తీగలు పేని, చదును చేసి, పట్టుకారుతో ఒక్కో చుట్ట తిప్పి చట్రంలో ఇముడుస్తారు. ఆపైన అతుకు పట్టడానికి వెలిగారం, టంకం పొడి చల్లి మంట పెడతారు. అసలు టెన్షన్ అక్కడే. మంట కాస్త ఎక్కువైతే సన్నతీగ కరిగిపోతుంది, అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది. అచ్చుపోత జుంకాకీ దీనికీ గ్రాము లెక్కన పోలికేంటండీ? ఇందులో వెండి తక్కువ, చేతిపని ఎక్కువ.

2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, మంచిదే. అది పేరును కాపాడుతుంది గానీ పని తెచ్చివ్వదు. పని ఇవ్వాల్సింది మనమే. జ్ఞాపికలు, పన్నీరు బుడ్లే కాదు, చెవిదిద్దులు, లాకెట్లు కూడా అడిగి చేయించుకోండి. స్వచ్ఛత, తూకం, మజూరీ మూడూ బిల్లులో విడివిడిగా రాయించుకోండి. ఉంగరం మాత్రం కొలత సరిగ్గా ఇవ్వండి. తీగ పనిలో తర్వాత సైజు మార్చడం చాలా కష్టం. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే ముందే చెప్పండి, వాళ్లని తొందరపెట్టొద్దు.