రన్‌వే పెద్దది, విమానం చిన్నది, బిల్లు ఖజానాది

2023లో విజయవాడ విమానాశ్రయమైన గన్నవరం నుంచి హజ్‌కు బయలుదేరిన యాత్రికులకు, హైదరాబాద్ నుంచి వెళ్లినవారికంటే సుమారు 83 వేల రూపాయలు ఎక్కువ పడింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం తలకు 80 వేల చొప్పున 1,813 మందికి సుమారు 14.5 కోట్లు విడుదల చేసి చేతులు దులుపుకొంది. 2025 నాటికి ప్రభుత్వం మారింది, ప్రకటించిన సాయం లక్ష అయింది. అసలు ఇంత తేడా ఎందుకు వస్తోందని విమానయాన సంస్థలను నిలదీసినవారు మాత్రం అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. యాత్రికులకు సాయం అందడంపై మాకు అభ్యంతరం లేదు. ఆ సొమ్ము వారి చేతుల మీదుగా చివరికి ఎవరి ఖాతాలో పడుతోందన్నదే మా ప్రశ్న.

యాత్రికుల సంఖ్య తక్కువన్నది ఒక కారణమైతే, విమానం సైజు మరో కారణం. హజ్ విమానం యాత్రికులను సౌదీలో దించి ఖాళీగా తిరిగొస్తుంది, నెల దాటాక ఖాళీగా వెళ్లి వారిని తీసుకొస్తుంది. అంటే ప్రతి ట్రిప్పులో సగం దారి వట్టి ప్రయాణమే. ఒకే నడవ ఉండే ఎ320, 737 తరహా నారోబాడీలో 180 మందికి అటూఇటూగా పడతారు. రెండు నడవల వైడ్‌బాడీ మూడు వందల మందిని ఒక్క దఫాలో చేరవేస్తుంది. అదే జనానికి చిన్న విమానం దాదాపు రెట్టింపు సార్లు తిరగాలి, రెట్టింపు సార్లు ఖాళీగా రావాలి. తలకు నలభై కిలోల లెక్కన 180 మంది సామాను ఏడు టన్నులు దాటుతుంది. దూరం పెరిగేకొద్దీ ఇంధనం బరువూ పెరుగుతుంది కనుక, చివరికి కోత పడేది సీట్లకో సామానుకో. బెల్టు మీద ఆఖరి పెట్టె కూడా వెళ్లిపోయేదాకా నిలబడి, ‘మీ బ్యాగు రేపటి విమానంలో వస్తుంది’ అన్న మాట విన్నవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

కేరళలోని కరిపూర్‌ను చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 2020 ఆగస్టు 7న కోళికోడ్ విమానాశ్రయమైన అక్కడి టేబుల్‌టాప్ రన్‌వే (కొండను చదును చేసి వేసినది) దాటి లోయలో పడి 21 మందిని బలిగొన్నది 737, అంటే నారోబాడీయే. ఆంక్ష పడింది మాత్రం వైడ్‌బాడీల మీద! భద్రతను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ దాని ధర ఎవరు కట్టారు? 2024 హజ్‌కు అక్కడ మొదట చెప్పిన ఛార్జీ, పెద్ద విమానాలు దిగే కొచ్చి, కన్నూరులతో పోలిస్తే దాదాపు రెట్టింపు. గొడవ చేస్తేగానీ కొంత తగ్గలేదు. కరిపూర్‌కు కనీసం కొండ అడ్డం. 3,360 మీటర్ల రన్‌వే ఉన్న గన్నవరానికి ఏం అడ్డం?

మూడు వందల సీట్లు నిండని ఊరికి చిన్న విమానమే మేలని, 8,700 కిలోమీటర్లు ఎగరగల ఎ321 ఎక్స్‌ఎల్‌ఆర్ అనే నారోబాడీ వచ్చాక వైడ్‌బాడీ ఊసే అక్కర్లేదని వాదించేవారున్నారు. అందులో కొంత నిజమూ ఉంది. అయితే ఆ ఎక్స్‌ఎల్‌ఆర్ 2024 నవంబరులో తొలి వాణిజ్య సర్వీసు నడిపింది మాడ్రిడ్, బోస్టన్ మధ్య. గన్నవరం వంటి ఊళ్ల వంతు ఎప్పుడొస్తుందో వాదించేవారే చెప్పాలి.

ఈలోగా ముదురుతున్నది అలవాటు. 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూర్‌కు విమానం ఎగిరింది, ఖాళీ సీట్ల నష్టం రాష్ట్రం పూడుస్తానంటేనే. పూడ్చడం ఆగింది, 2019లోనే సర్వీసూ ఆగింది. తరవాత హజ్‌కు 80 వేలు, ఆ పైన లక్ష. సంస్థ తనకు వీలైన విమానం పంపి తనకు తోచిన రేటు చెబితే, మిగతాది ఖజానా సర్దుతుందన్న ఆనవాయితీ ఇలాగే స్థిరపడుతుంది. ఇవాళ యాత్రికుల పేరు మీద చెల్లిస్తున్నది రేపు పర్యాటకుల పేరు మీద, ఎల్లుండి మామిడి ఎగుమతుల పేరు మీద అడుగుతారు. ఇచ్చినవారు కాదనడానికి ఏ మొహం పెట్టుకుంటారు?

ఆ రన్‌వే కోసం బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతులు భూసమీకరణలో సుమారు ఏడు వందల ఎకరాలు వదులుకున్నారు. ఏలూరు కాల్వనే పక్కకు మళ్లించారు. ఇదంతా జెట్టు సైజు పెరుగుతుందని చెప్పి చేయించిందే. విమాన సర్వీసులపై రెండు దేశాలు చేసుకునే ద్వైపాక్షిక ఒప్పందంలో ఊరి పేరు లేనిదే విదేశీ సంస్థ ఆ ఊళ్లో దిగడానికి వీల్లేదు, ఆ పేర్లు ఖరారయ్యేది ఢిల్లీలో. 2017లో గన్నవరానికి అంతర్జాతీయ హోదా దక్కినప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరం వారు, 2024 నుంచి ఆ కుర్చీలో ఉన్నది శ్రీకాకుళం వారు. ఇంత అండ ఉండీ తెనాలిలో పిల్లవాణ్ణి డాలస్ విమానం ఎక్కించడానికి తల్లిదండ్రులు అర్ధరాత్రి కారు మాట్లాడుకుని శంషాబాద్ పోతున్నారంటే, హోదా బోర్డుకు రంగు వేయించడం తప్ప ఏం చేసినట్టు? సింగపూర్ సర్వీసుకు, హజ్ తేడాకు ఇప్పటిదాకా ఎంత చెల్లించారో, ఏ విమానానికి ఎన్ని సీట్లకు చెల్లించారో ప్రభుత్వం శాసనసభ ముందు లెక్క ఉంచాలి. భోగాపురంలో 3,800 మీటర్ల రన్‌వే వేశారు. అక్కడి తొలి దూరప్రయాణ సర్వీసుకు చెక్కు రాయకముందే ఆ లెక్క ఉంచాలి.